అల్సరేటివ్ కొలైటిస్: పథ్యం చేసిన పని, మందు చేసిన పని

పెద్దపేగు లోపలి పొర పూసిపోయిందని, దాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని కొలనోస్కోపీలో తేలగానే మా ఇంట్లో పథ్యం మొదలైంది. అత్తయ్య గోంగూర, వంకాయ, చింతపండు ఆపేశారు. బాబాయి గోధుమలు మానేయమన్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడు మాత్రం ‘అన్నం కూడా వద్దు, డబ్బా పొడి కలిపిన ద్రవాలే తాగాలి’ అన్నాడు. వాడు చెప్పింది మరీ గాలిమాట కాదు. క్రోన్స్ అనే ఇంకో పేగువాపు జబ్బున్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు అలాంటి ద్రవాహారమే ఇచ్చి జబ్బును అదుపులోకి తెస్తారు. కాకపోతే నాది ఆ జబ్బు కాదు.

డాక్టర్ ఒక్క మాటలో తేల్చేశారు: పూతను మాన్పేది మెసాలమైన్ అనే మందు, తిండి పని కడుపును ఇబ్బంది పెట్టకుండా ఒంటికి బలమివ్వడం. అసలే నెత్తురు పోయి హిమోగ్లోబిన్ పడిపోయింది, దానికి తోడు పథ్యంతో బరువూ తగ్గుతుంటే ఆయన మా అత్తయ్యనే కూర్చోబెట్టి చెప్పారు.

జబ్బు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ మెత్తటి అన్నం, పెసరకట్టు, లేత సొరకాయ, కోడిగుడ్డు. టమాటాను వేడినీళ్లలో వేసి, తొక్క ఒలిచి, గింజలు చెంచాతో గీకేసి చారు పెట్టేవాళ్లం. నెత్తురు ఆగాక డైటీషియన్ ఒక్కో వస్తువునే మళ్లీ మొదలుపెట్టించారు. రెండుమూడు రోజులు ఒకటి తిని చూడాలి, నోట్‌బుక్‌లో రాయాలి, పడితేనే ఇంకోదాని జోలికి పోవాలి. అలా తెలిసిందే, పాలు తాగితే నాకు కడుపుబ్బరం, పెరుగు తింటే ఏమీ లేదు. తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత తగ్గిపోతుందట.

ఓ పెళ్లిభోజనం తర్వాత కడుపు మెలిపెట్టేసింది. జబ్బు తిరగబెట్టిందనే టెన్షన్‌తో పేగులో వాపుంటే పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష మలంలో చేయించాను. నార్మల్. పేగులో వాపు లేదు, అదంతా శనగలు, ఉల్లిపాయల గ్యాసే. ఇంకోసారి ఇంటి తిండి తప్ప ఏదీ ముట్టకపోయినా నెత్తురు కనిపించింది. ఈసారి అదే పరీక్షలో అంకె బాగా పెరిగింది. మందు మోతాదు పెంచి, మలద్వారం గుండా ఎక్కించే మందు (ఎనిమా) కలిపాక తగ్గింది. నిన్న ఏం తిన్నావని ఆరా తీయడం ఇంట్లో అప్పటినుంచి తగ్గిందిలెండి, అదో సుఖం.

ప్యాకెట్ చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు మాత్రం తగ్గించేశాను. 21 దేశాల్లో లక్షమందికి పైగా మనుషుల్ని గమనించి 2021లో వెలువరించిన ప్యూర్ అధ్యయనంలో, ఫ్యాక్టరీ తిండి ఎక్కువ తినేవాళ్లలో ఈ పేగు జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అదే కారణమని తేలిపోలేదు. అయినా వాటిని వదిలితే నాకు పోయేదేముంది!

గోంగూర మళ్లీ కంచంలోకి వచ్చింది, కారం తగ్గించి. శనగలు ఇంకా పడటం లేదు. వచ్చే నెల రాజ్మా, నానబెట్టి బాగా మెత్తగా ఉడికించి, ఓ రెండు చెంచాలు తిని చూడాలి.