మారియో చివర్లో పేర్లు ఎందుకు పడవు?

విశాఖ జగదాంబ థియేటర్‌లో సినిమా చూసి బయటికొస్తూ ఫైట్ మాస్టర్ పేరు కూడా చెప్పగలిగే ఊరు మనది. అదే ఊళ్లో నా ఈడువాళ్లని సూపర్ మారియో వీడియో గేమ్ ఎవరు తయారుచేశారని అడగండి. ఏ పైపులోకి దిగితే నాణేలొస్తాయో చెప్తారు గానీ మనిషి పేరు చెప్పలేరు. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం గెలిచినా తెర మీద రాకుమారి థ్యాంక్స్ చెప్తుంది, అంతే. దాన్ని తయారుచేసిన షిగెరు మియామోటో, తకాషి తెజుకా, ఇప్పటికీ మన నోట్లో ఆడే ఆ ట్యూన్ కట్టిన కోజీ కొండో, ఎవరి పేరూ పడదు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

తొంభైలలో కంచరపాలెంలో మా మేనమామకి టీవీ రిపేరు షాపు ఉండేది. వేసవి సెలవుల్లో వెనకగదిలో పాత పోర్టబుల్ టీవీకి వీడియో గేమ్ తగిలించి గంటకు పది రూపాయలకి ఆడించేవాడు. టైము చూసి డబ్బులు తీసుకోవడం నా పని. "అక్కా, ఇంకో ఐదు నిమిషాలక్కా" అని బతిమాలేవాళ్లు. బొమ్మ రాకపోతే ఆట ఉండే క్యాసెట్ పీకి ఉఫ్ ఉఫ్ మని ఊదేవాళ్లు. మామయ్యకి అది చూస్తే ఒళ్లు మండేది. "ఊదకండ్రా! అసలే ఉప్పుగాలి, దానికి మీ నోటి తడి కూడానా?" అంటూ లాక్కుని, అడుగున వరసగా ఉండే రాగి పట్టీలని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, దూదికి స్పిరిట్ అద్ది తుడిచేవాడు. పట్టీ మెరిసేది, ఆట వచ్చేది.

ఆ క్యాసెట్ వెనక కూడా ఒక మనిషున్నాడు. మొదట్లో ఇంట్లో ఆడుకునే మెషీన్లలో ఆటలు లోపలే బిగించి వచ్చేవి. చిప్ పెట్టిన క్యాసెట్ మారిస్తే ఆట మారిపోయే మెషీన్ మొదటిసారి 1976లో వచ్చింది, ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. ఆలోచన ఆల్పెక్స్ అనే చిన్న కంపెనీది. పిల్లలు ఎన్నిసార్లు పీకి గుచ్చినా తట్టుకునేలా దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. ఆయన గురించి బయట అందరూ మాట్లాడుకునేసరికే ఆయనకి వయసైపోయింది. 2011లో పోయాడు.

మనకొచ్చినవి కాపీ క్యాసెట్లు. స్టిక్కర్ మీద 999999 ఆటలని ఉండేది. మామయ్య ఒకటి విప్పితే లోపల అరచేయంత కూడా లేని బోర్డు, దాని మీద ఎండిన తారు బొట్టులా నల్లటి ముద్ద. చిప్ ఆ ముద్ద కిందే ఉంటుంది. ఆటలు నిజానికి కొన్నే, అవే మళ్లీ మళ్లీ వేరే నంబర్లతో. చాలావాటిలో మొదటి తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరు కూడా చెరిపేసేవాళ్లు.

అయితే పేర్లు చెరపడం కాపీగాళ్లతో మొదలవలేదు. అమెరికాలో అటారీ కంపెనీ ఆట రాసినవాళ్ల పేరు ఎక్కడా వేసేది కాదు. అది నచ్చక నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టి, రాసినవాడి పేరు ఆటతో పాటు వేయడం మొదలుపెట్టారు. వారెన్ రాబినెట్ అయితే ఉద్యోగంలో ఉండగానే ఇంకో దారి చూసుకున్నాడు. తన 'అడ్వెంచర్' ఆటలో కంటికి ఆనని ఒక చుక్క దాచాడు. దాన్ని పట్టుకుని ఒక గదిలోకి వెళ్తే "దీన్ని తయారుచేసింది వారెన్ రాబినెట్" అని కనిపిస్తుంది. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. ఆయన ఉద్యోగం మానేశాక ఒక కుర్రాడు ఆట ఆడుతూ ఆ గది కనిపెట్టాడు. ఇవాళ ప్రతి ఆటలో వెతుక్కునే ఈస్టర్ ఎగ్‌లకి, అంటే ఇలా దాచిపెట్టిన విశేషాలకి, ఆ పేరొచ్చింది ఈ గది వల్లే. నాకిది తలుచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

మన వెనకగదుల దాకా వచ్చిన మనిషి ఇంకొకడున్నాడు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఇలా నొక్కితే కాంట్రా అనే ఆటలో 30 ప్రాణాలు. ఇంటర్నెట్ లేని రోజుల్లో కంచరపాలెం పిల్లలకి ఇది నోటికి వచ్చు! దీన్ని పెట్టింది కొనామీ అనే ఆటల కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రేడియస్ అనే ఆటని పరీక్షించాలంటే తనకే మరీ కష్టంగా ఉండి, తన కోసం పెట్టుకున్నాడు. అది అలాగే ఆటలో ఉండిపోయి ఊళ్లు దాటింది. ఆయన 2020లో చనిపోయాడు.

పేరు దక్కిన అదృష్టవంతుడు కూడా ఒకరున్నారు, అడ్వెంచర్ ఐలాండ్ ఆటలో టోపీ పెట్టుకుని గొడ్డళ్లు విసిరే హీరో. అతను నిజం మనిషి. అప్పట్లో ఆ ఆట తెచ్చిన హడ్సన్ కంపెనీ ఉద్యోగి, సెకనుకి 16 సార్లు బటన్ నొక్కుతాడని జపాన్ పిల్లలు దేవుడిలా చూసిన తకహాషి మేజిన్. జపాన్‌లో ఆ ఆటకి ఆయన పేరే పెట్టారు. బయట దేశాలకి పంపేటప్పుడు హీరో పేరు మాస్టర్ హిగిన్స్ అని మార్చేశారు.