మా డేటా వేరేవాళ్ళ పేపర్లో కనిపించాక... రిట్రాక్షన్ (జర్నల్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకోవడం) దాకా నా అనుభవం

మట్టిలో ఆర్గానిక్ కార్బన్ మీద మా పేపర్ ఒకటుంది, దాన్ని ఎవరెవరు సైట్ చేశారో, అంటే తమ పేపర్లలో ప్రస్తావించారో వెతుకుతుంటే అసలు సైటే చేయని పేపర్ ఒకటి తగిలింది. టాపిక్ మాదే, సరే ఎవరైనా చేసుకోవచ్చు. కానీ వాళ్ళ టేబుల్లో శాంపిల్ నంబర్ 17 తర్వాత నేరుగా 19 ఉంది. మా టేబుల్లోనూ అంతే, 18వ సంచి దారిలో చిరిగి పక్క మట్టి కలిసిపోయిందని దాన్ని తీసేశాం, ఆ సంగతి పేపర్లో రాశాం కూడా. వాళ్ళు మాత్రం ఎందుకు లేదో ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళ సంచి కూడా సరిగ్గా అక్కడే చిరిగిందేమో మరి! మధ్యలో మేం మిషన్ మార్చడం వల్ల చివరి వరసల్లో దశాంశం తర్వాత మూడంకెలు వచ్చాయి, అది కూడా వాళ్ళ టేబుల్లో అలాగే దిగిపోయింది.

కాపీ పట్టే జర్నల్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఎందుకు దొరకలేదు అంటే అది ప్రధానంగా వాక్యాలు పోలుస్తుంది, అంకెల జోలికి పెద్దగా పోదు. ఆ ఆథర్లేమో ప్రతి వాక్యాన్నీ మాటలు మార్చేసే పారాఫ్రేజ్ టూల్‌లో వేసి తీశారు, బ్రెస్ట్ క్యాన్సర్‌ని బోసమ్ పెరిల్ చేసేసే బాపతు టూల్ అన్నమాట.

కోపంలో ఆ ఆథర్లకే మెయిల్ కొడదామనుకున్నా. మా గైడ్ గారు ఆపారు, "ముందు పీడీఎఫ్ దాచుకో అమ్మా, వాళ్ళకి చెప్తే ఫైల్ మారిపోవచ్చు, ఎడిటర్‌కే రాయి" అన్నారు. దొంగలు అనే మాట ఎక్కడా వాడొద్దన్నారు, నాకు అది మింగుడు పడలేదు గానీ ఆవిడ చెప్పిందే కరెక్ట్. రెండు టేబుల్స్ పక్కపక్కన పెట్టి, కలిసిన గడులకి రంగు వేసి, ఎవరిది ముందో చూపించాను. ఇక్కడ మమ్మల్ని కాపాడింది జెనోడో అనే డేటా దాచుకునే వెబ్‌సైట్, పేపర్ కంటే ముందే రా డేటా అందులో పెట్టాం, దాని డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబర్) రికార్డు మీద తేదీ ఉంది. వాళ్ళ పేపర్ మీద రిసీవ్డ్ అని అచ్చయిన తేదీ దానికి చాలా తర్వాతది.

ఇక ఎదురుచూపులే. "మీ మెయిల్ అందింది" అని ఒక ముక్క, తర్వాత నిశ్శబ్దం. 1997లో ఎడిటర్లు మొదలుపెట్టిన కోప్ అనే కమిటీకి ఇలాంటి కేసుల కోసం ఫ్లోచార్టులు ఉన్నాయి, అది చదివాక గానీ ఆ నిశ్శబ్దం అర్థం కాలేదు. జర్నల్ ముందు కరస్పాండింగ్ ఆథర్‌ని (పేపర్ తరఫున ఉత్తరాలు నడిపే ఆథర్‌ని) అడగాలి, జవాబు రాకపోతే మిగతా ఆథర్లని, అప్పటికీ రాకపోతే వాళ్ళ సంస్థని. సంస్థ ఎంక్వైరీ అంటే తెలిసిందేగా, ఫైలు ఎక్కడో పడుకుంటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళకి మధ్యలో కాస్త కబురు చెప్తే జర్నల్ వాళ్ళ సొమ్మేం పోయిందో! ఒక ఫ్రెండ్ పబ్‌పీర్‌లో, అంటే అచ్చయిన పేపర్ల మీద ఎవరైనా కామెంట్ చేసే వెబ్‌సైట్‌లో పెట్టేయ్ అంది, పేరు లేకుండా కూడా రాయొచ్చు, కానీ ఎంక్వైరీ నడుస్తుండగా వద్దనుకున్నా.

చివరికి రిట్రాక్షన్ నోటీస్ వచ్చింది. డేటా మా పేపర్లోదని, ఆథర్లు ఒప్పుకోలేదని, అంతే. పేపర్ మాత్రం సైట్‌లో అలాగే ఉంది, ప్రతి పేజీ మీద రిట్రాక్టెడ్ అని అడ్డంగా పడింది. తీసేయరా అని మొదట ఒళ్ళు మండింది, కానీ కోప్ లెక్కలో రిట్రాక్షన్ ఆథర్లకి శిక్ష కాదు, చదివేవాళ్ళు మోసపోకుండా రికార్డు సరిచేయడం. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ 1998 పేపర్‌ని లాన్సెట్ అనే వైద్య జర్నల్ 2010లో గానీ పూర్తిగా వెనక్కి తీసుకోలేదు, ఆ పన్నెండేళ్ళలో ఎంతోమంది దాన్ని నమ్మి పిల్లలకి ఆ టీకా మానేశారు.

మా విషయంలోనూ డామేజీ అప్పటికే అయింది. ఒక మెటా అనాలిసిస్ (చాలా పేపర్ల ఫలితాలు కలిపి లెక్కగట్టే పేపర్) మా పేపర్నీ వాళ్ళ పేపర్నీ రెండింటినీ కలిపేసుకుంది, అంటే అదే మట్టి రెండుసార్లు లెక్కలోకి వెళ్ళింది. నిజం చెప్పాలంటే మా క్రెడిట్ పోవడం కంటే నాకు ఇదే ఎక్కువ బాధ, పాపం ఆ మెటా అనాలిసిస్ చేసినవాళ్ళ తప్పేం లేదు. నోటీస్ లింక్ పెట్టి వాళ్ళకి రాశాను. జర్నల్ కంటే వీళ్ళే నయం, వెంటనే జవాబిచ్చారు, ఆ పేపర్ తీసేసి మళ్ళీ లెక్క కడితే ఎఫెక్ట్ కాస్త తగ్గిందట, కరెక్షన్ పంపుతున్నామని, మిగతా పేపర్లన్నీ కూడా వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో చెక్ చేస్తున్నామని రాశారు.