టైమింగ్ బెల్ట్: కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కపెట్టాలి

బేరింగు పోయే ముందు కూస్తుంది, బ్రేక్ ప్యాడ్ అరిగితే గీరుతుంది. టైమింగ్ బెల్ట్ మాత్రం చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండానే తెగుతుంది. నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఎప్పటికంటే తేలిగ్గా, గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. అక్కడితో ఆపేయాలి. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంక్, గాలీ పొగా వచ్చిపోయే వాల్వులను తెరిచి మూసే ఇరుసు క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ పళ్ల బెల్టే. అది తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకుని ఉన్న వాల్వులు తెరుచుకునే ఉంటాయి, పైకొచ్చే పిస్టన్ వాటిని గుద్దుతుంది. వాల్వులు వంగితే హెడ్ (ఇంజిన్ పై భాగం) దించక తప్పదు. అన్ని ఇంజిన్లలో ఇలా తగలదు గానీ, ఇప్పుడు రోడ్డు మీదున్న వాటిలో ఎక్కువ భాగం తగిలేవే.

కొన్ని ఇంజిన్లలో ఈ బెల్టుకు బదులు ఇనుప చైన్ ఉంటుంది. ముందు మీ బండిలో ఉన్నది బెల్టో, చైనో తేల్చుకోండి. మోడల్ పేరు చూసి చెప్పలేం. హ్యుందాయ్ ఐ10 నే తీసుకుంటే, 1.1 ఇంజిన్‌కు బెల్ట్, 1.2 కప్పా ఇంజిన్‌కు చైన్. పాత శాంత్రో, మారుతి 800, ఆల్టో 800 బెల్ట్ బళ్లు. రెనో డస్టర్, నిస్సాన్ టెరానో 1.5 డీజిల్ కూడా అంతే. పాత 2.5 డీజిల్ ఇన్నోవాకు బెల్ట్ ఉంటే, తర్వాత వచ్చిన క్రిస్టా 2.4 కు చైన్. స్విఫ్ట్ 1.3 డీజిల్‌దీ చైనే. చైన్ బండికి "టైమింగ్ బెల్ట్ మార్చాం" అని బిల్లు వచ్చిందంటే, మార్చింది బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్ట్ అయి ఉంటుంది.

ఎప్పుడు మార్చాలన్నది మీ బండి మాన్యువల్లో రెండు అంకెలుగా ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందొస్తే అది. జనం మొదటిదే చూస్తారు. పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ అమ్మానాన్నలు గుడికీ ఆసుపత్రికీ తప్ప తీయని కారు తొమ్మిదేళ్లలో ఇరవై వేలు కూడా తిరగదు. కానీ రబ్బరు తిరగకపోయినా ముదురుతుంది. ఇంజిన్ వేడికి, ఎండాకాలం పార్కింగ్ వేడికి గట్టిపడుతుంది. మాన్యువల్ దొరక్కపోతే చిన్న పెట్రోల్ బండికి 60,000 కిలోమీటర్లు లేదా అయిదేళ్లు అనుకోవడం క్షేమం. సెకండ్ హ్యాండ్ బండి కొని, మార్చినట్టు బిల్లు కనబడకపోతే, మార్చలేదనే లెక్క.

పాత 2.5 ఇన్నోవా డ్యాష్‌బోర్డులో టి-బెల్ట్ అనే దీపం ఉంటుంది. అది బెల్టును చూసి వెలగదు, పెట్టిన కిలోమీటర్లు పూర్తయితే వెలుగుతుంది. బెల్ట్ మార్చాక దాన్ని రీసెట్ చేయించాలి. లేకపోతే తర్వాతి లెక్క మీకు అందదు.

ఖర్చు దగ్గరికొస్తే, బెల్ట్ ధర చిన్నది, విప్పి బిగించే కూలే పెద్దది. అందుకే బెల్ట్ ఒక్కటే మార్చడం పొదుపు కాదు. బెల్టును బిగువుగా పట్టే పాత టెన్షనర్ బేరింగు ఏడాదికి జామైతే కొత్త బెల్ట్ కూడా పోతుంది. టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రం తప్పక మార్చండి. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు చెమ్మగా ఉంటే అవి కూడా వేయించండి, నూనె తగిలిన బెల్ట్ ఉబ్బి పళ్లు ఊడుతుంది. డస్టర్ డీజిల్‌లో వాటర్ పంపును తిప్పేది ఈ బెల్టే, కాబట్టి పంపు కూడా అప్పుడే మార్చాలి. ఇన్నోవాలో పంపు బయటి బెల్ట్ మీద తిరుగుతుంది, బాగుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

సుమారుగా చెప్పాలంటే, చిన్న పెట్రోల్ బండికి బయటి గ్యారేజీలో బెల్ట్, టెన్షనర్, కూలీ కలిపి 3,000 నుంచి 5,000 దాకా అవుతుంది. పంపుతో కలిపి డీజిల్ కిట్ అయితే 10,000 నుంచి 20,000. వాల్వులు వంగాక హెడ్ పని, గ్యాస్కెట్, లేత్ కూలీ అంటే దీనికి ఎన్నో రెట్లు.

ఇంజిన్ అడ్డంగా కూర్చున్న బండికైతే ముందు వైపు కుడి చక్రం తీసి, చెక్క ముక్క అడ్డం పెట్టి ఇంజిన్ కింద జాకీ ఆనించి, ఆ పక్క ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ విప్పుతారు. బయటి బెల్టులు, క్రాంక్ పుల్లీ, కవర్లు తీశాక మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి క్రాంక్, క్యామ్ చక్రాల మీది గుర్తులు కలుపుతారు. చాలా డీజిళ్లలో గుర్తులతో సరిపోదు, క్యామ్‌నూ క్రాంక్‌నూ కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు కావాలి. ఆ పిన్నులు మీ మెకానిక్ దగ్గర ఉన్నాయో లేదో పని మొదలుపెట్టక ముందే అడగండి.

కొత్త బెల్టును మడవకూడదు, మెలితిప్పకూడదు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తి ఎక్కించకూడదు. లోపలి గాజు పీచు విరిగితే పైకి కనబడదు. ఇన్నోవా హైడ్రాలిక్ టెన్షనర్‌ను వైస్‌లో మెల్లగా నొక్కి, రంధ్రంలో పిన్ను గుచ్చి, బిగించాకే పిన్ను లాగాలి.

టెన్షన్ ఇచ్చాక సెల్ఫ్ కొట్టే ముందు పానాతో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకుండా ఆపాలి, అది వాల్వు పిస్టన్‌కు తగలడం కావచ్చు. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా విప్పి మళ్లీ వేయాలి. ఒక పన్ను జరిగిన బండి కూడా స్టార్ట్ అవుతుంది గానీ లాగదు, ఐడిల్‌లో వణుకుతుంది. క్రాంక్ పుల్లీ బోల్టును బిగువు కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి. వదులైతే పుల్లీ ఊగి, దాన్ని క్రాంక్‌కు పట్టి ఉంచే కీ గాడిని తినేస్తుంది.

బండి తెచ్చుకున్నాక చెవి పెట్టి వినండి. వేగంతో పాటు పెరిగే సన్నటి ఈల వస్తే బెల్ట్ మరీ బిగిసిందని అనుమానించాలి. రాపిడి శబ్దమైతే కవర్ సరిగా కూర్చోలేదేమో. రెండింటిలో ఏది వినిపించినా అదే రోజు తీసుకెళ్లి కవర్ విప్పించండి.