మా తాతయ్య దాణా పుస్తకం

పోయిన నెల కాకినాడలో మా చిన్నాన్న గారి అబ్బాయి పెళ్ళి. ఊరేగింపుకి తెల్ల గుర్రం తెచ్చారు. అందరూ డీజే దగ్గర గంతులేస్తుంటే నేను వెళ్ళి దాని పక్కన నిలబడ్డా, డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి, ఆ మోతకి చెవులు వెనక్కి పెట్టేసింది పాపం. పట్టుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఏం పెడతావయ్యా అంటే "శెనగలండి, టైం ఉంటే నానేస్తానండి, లేకపోతే ఉత్తివే" అన్నాడు. తాతయ్య వినుంటే చెవి మెలేసేవాడు.

తాతయ్య రాజమండ్రిలో గోదావరి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. పోయి 22 ఏళ్ళయింది. చదువు ఐదో క్లాసే గానీ ఒక బౌండు పుస్తకంలో రోజూ కిరాయి లెక్కలు, వాటి కింద గుర్రం సంగతులు రాసుకునేవాడు. మా నాన్న పుట్టిన రోజు పేజీ తీస్తే "ఈ దినము బండి కట్టలేదు" అని ఉంది, అంతే! అదే గౌరి (గుర్రం పేరు) దగ్గితే అర పేజీ. పెళ్ళిలో ఈ పుస్తకం గురించి చెబితే ఆ కుర్రాడు పేజీల ఫోటోలు పంపమన్నాడు గానీ ఆ రాత మా ఇంట్లోవాళ్ళకే అర్థం కాదు, అందుకని టైప్ చేస్తున్నా, ఇక్కడా పెడుతున్నా.

"ఉలవలు రాత్రి నానవేసి తెల్లారగట్ల ఉడకబెట్టవలెను. రెండు వేళ్ళ మధ్య నలిపితే మెదగవలెను. వేడి మీద పెట్టరాదు. పూటకు రెండు తవ్వలు. మిగిలినవి మధ్యాహ్నమునకు పులియును, పారవేయవలెను." (తవ్వ అంటే గింజలు కొలిచే పాతకాలం కొలత.)

గుర్రం చూడ్డానికి అంత ఉంటుంది గానీ దాని పొట్టలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే, పైగా దానికి కక్కుకోవడం రాదు, ఎండు గింజలు ఒకేసారి బాగా మెక్కి అవి లోపల ఉబ్బాయంటే పైకి వచ్చే దారే లేదు. అందుకే కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. ఉలవలు ఉడికిన నీళ్ళు మాత్రం మామ్మ వంటింట్లోకి పట్టుకుపోయేది. ఇప్పుడు హోటళ్ళలో మీగడేసి ఇస్తున్న ఉలవచారు మా ఇంట్లో గుర్రం కుండలోంచి వచ్చిందే, గౌరి గుగ్గిళ్ళు ఉడికిన రోజే మాకు చారు.

ఇక 1967 పుష్కరాలు. తాతయ్య ప్లవంగ అని తెలుగు సంవత్సరం పేరే రాశాడు. ఊరంతా జనం, ఊపిరాడనన్ని బేరాలు. "ఆశపడితిని. దాణా పెట్టిన వెంటనే కోటిలింగాల రేవుకు కట్టితిని. రాత్రి గౌరి డొక్కల వైపు తిరిగి చూచుకొనుచున్నది. ముందు కాలితో నేల గీకుచున్నది. పొర్లబోయినది." రాత్రంతా కళ్ళెం పట్టుకుని వీధిలో అటూ ఇటూ నడిపించాడట. కింద వేరే సిరాతో "నాలుగింటికి లద్దె వేసినది. బతికితిని." బతికింది అని కాదు, బతికితిని అని. నేను అక్షరదోషం అనుకున్నా, మామ్మ కాదంది. ఆ మర్నాటి పేజీలో కిరాయి సున్నా, "తిన్న గంట లోపు బండి కట్టరాదు" అని రెండు గీతలు. అలా డొక్కలు చూసుకోవడం కడుపునొప్పికి గుర్తు, ఇప్పుడైతే నడిపిస్తూ కూర్చోకండి, వెంటనే పశువుల డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

నీళ్ళ గురించి ఒక్కటే మాట, ముందు నీళ్ళు, తర్వాత దాణా. గరిక ఎంతైనా పెట్టొచ్చట, గట్టు మీద కోసుకొచ్చి వేళ్ళకున్న మట్టి దులిపి. జట్కా ఎక్కేవాళ్ళ గురించి కూడా ఉంది, "లావుపాటి ఆసామి వెనుక కూర్చున్న కాడి తేలును, ముందు కూర్చున్న గుర్రము వీపున పడును, మొహమాటపడక జరగమనవలెను." జట్కాలో ముందుకి జరగండి వెనక్కి జరగండి అని అరిచేది ఇందుకన్నమాట, నేను ఇంకా జనాన్ని కుక్కడానికే అనుకునేవాణ్ణి.

ఒక పేజీ మాత్రం కావాలనే టైప్ చెయ్యలేదు. కడుపులో పురుగులకి పొగాకు నానబెట్టిన నీళ్ళు తాగించమని ఉంది. అది విషం. తాతయ్య మాటైనా సరే, ఆ కుర్రాడికి కూడా అదే చెప్పా, డాక్టర్ ఇచ్చే మందే వెయ్యమని.

నిన్న వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఉలవలు మొదలెట్టాడట, "ఆయ్, బాగానే తింటందండి, మా అమ్మ చారు కూడా కాసిందండి" అని. లాడాల గురించి ఏమైనా రాశారా అని అడిగాడు. రాశాడు, నాలుగు పేజీలు, సగం చెదలు తినేశాయి. ఆదివారం మామ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి.