సీనియర్లు నడిపే కౌన్సెలింగ్ గ్రూపులో నా అనుభవం

మా కాలేజీలో ఫస్టియర్ వాళ్ళ కోసం సీనియర్లే నడిపే కౌన్సెలింగ్ గ్రూపు చివరి సెషన్ నిన్న అయిపోయింది. చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ కోసం అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను. గ్రూపు మాత్రం బంగారం. అందులోకి మమ్మల్ని పిలిచిన తీరు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

క్లాసు మధ్యలో ఆఫీసు నుంచి ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. "ఫీజు మాఫీ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరూ కాలేజీకి వెళ్ళనివాళ్ళు, కౌన్సెలింగ్‌కి రావాలి" అని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. పేరు వచ్చినవాళ్ళు లేచి నిలబడాలట. అప్పటిదాకా నా పక్కన కూర్చునే అమ్మాయికి మా నాన్న ఏం పని చేస్తాడో తెలియదు, ఎప్పుడూ అడగనూ లేదు. ఒక్క నిమిషంలో మా ఇంటి సంగతి క్లాసంతటికీ తెలిసిపోయింది. వెనక బెంచీలో ఎవరో "పాపం" అన్నారు. నవ్వినా అంత బాధ వేసేది కాదు. మా లెక్చరర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆయన ఒక్క మాట అని ఉంటే ఆ చదవడం అక్కడే ఆగిపోయేది.

ఆఫీసులో ఇంకా ఘోరం. ఫారంలో "మీ సమస్య" అని వేలెడంత గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే కౌంటర్లో ఆవిడ "డిప్రెషనా, డబ్బులా? ఏదో ఒకటి రాయమ్మా, లైను ఆగిపోతోంది" అని గట్టిగా అంది. వెనక ఉన్నవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. ఏం రాయను? పాఠం అర్థం కాకపోయినా, అడిగితే తెలివితక్కువదాన్ని అనుకుంటారని నోరు మూసుకుని కూర్చుంటున్నానని ఆ గడిలో పడుతుందా? రాత్రుళ్ళు పని చేసి ఇంటికి డబ్బు పంపి, పొద్దున్నే క్లాసులో కళ్ళు మూతలు పడుతుంటే గిల్లుకుంటున్నానని రాయాలా? "చదువు" అని ఒక్క మాట రాసి ఇచ్చాను. ఆవిడ దాని పక్కన ఎర్ర ఇంకుతో "ఆదాయం రుజువు జతచేయాలి" అని రాసి వెనక్కి తోసింది. ఫీజు మాఫీ కోసం ఇచ్చిన కాగితాలు ఇదే ఆఫీసులో ఉన్నాయి కదా అంటే "అది వేరే సెక్షన్" అంది. మనసులో మాట చెప్పుకోవడానికి కూడా పేదరికం రుజువు చూపించాలా? సాయం చేసే చెయ్యి ముందు మన తల వంచమంటే, ఆ సాయం అవసరమైనవాళ్ళే ముందు పారిపోతారు. జరిగింది కూడా అదే. ఆ రోజు లేచి నిలబడ్డవాళ్ళలో చాలామంది గ్రూపు గది గుమ్మం తొక్కలేదు.

తర్వాతదంతా తేలిక. కౌన్సెలర్ మేడమ్ ఒక్కొక్కరితో విడిగా కాసేపు మాట్లాడారు. తొమ్మిది మందిమి, ఇద్దరు సీనియర్లు, వారానికోసారి గంటన్నర. రెండో వారం దాటాక కొత్తవాళ్ళను చేర్చుకోలేదు. "మేము డాక్టర్లం కాదు, ట్రైనింగ్ తీసుకున్న స్టూడెంట్లం. ఇక్కడి మాట బయటికి పోదు. కానీ ఎవరైనా తమకో ఇంకొకరికో హాని చేసుకునేలా ఉంటే మేడమ్‌కి చెప్పి తీరతాం" అని ముందే చెప్పారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు సీనియర్ అక్క తన కథ ఎత్తుకుంది. ప్రొఫెసర్ గది తలుపు మీద రాసి ఉండే టైమింగ్స్ చూసి, ఆ గంటల్లో ఆయన్ని కదిలించకూడదేమో అనుకుందట ఫస్టియరంతా. అవి మనం వెళ్ళి డౌట్లు అడగడానికే పెట్టారని చెప్పడానికి ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు. "నేనూ అంతే అనుకుంటున్నా అక్కా" అని ఒకమ్మాయి అంది. ఆ తర్వాత మాటలు ఆగలేదు.

సీనియర్లు తమ ఇంటి నేపథ్యం దాచకుండా చెప్పడం వెనక కారణం ఉందని మేడమ్ తర్వాత చెప్పారు. అమెరికాలో నికోల్ స్టీఫెన్స్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త విద్యార్థులు రెండు జట్లుగా సీనియర్ల అనుభవాలు విన్నారు. ఒక జట్టుకు మాత్రం సీనియర్లు తమ కుటుంబ నేపథ్యం తమ చదువు మీద ఎలా పనిచేసిందో కూడా చెప్పారు. ఆ జట్టులో, తల్లిదండ్రులు కాలేజీ చదవని పిల్లలకూ మిగతావాళ్ళకూ మధ్య ఫస్టియర్ మార్కుల తేడా 63 శాతం తగ్గింది. ప్రొఫెసర్ల సాయం అడగడం కూడా పెరిగింది. నా విషయంలో అది అక్షరాలా నిజం. మరుసటి వారమే లెక్కల ప్రొఫెసర్ తలుపు తట్టాను. సెమిస్టర్లో లెక్కల్లో క్లాసుకి మూడో స్థానం నాదే. గర్వంగానే చెప్తున్నా.

చేరేవాళ్ళకు నా మాట: ఆఫీసు చుట్టూ తిరగకండి, నేరుగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. "సమస్య" గడిలో మీ బాధంతా రాయకండి, ఆ కాగితం ఎంతమంది చేతులు మారుతుందో తెలియదు. గ్రూపులో విన్నది రూమ్మేట్‌కి కూడా చెప్పకండి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగొద్దు, ఆ రోజే కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.

వచ్చే ఏడాది గ్రూపు నడపడానికి నేనూ ట్రైనింగ్‌కి పేరు ఇచ్చాను. క్లాసులో పేర్లు చదివితే మాత్రం నేను రానని మేడమ్‌తో చెప్పేశాను. ఫస్టియర్లో ఉన్న అందరికీ ఎవరికి వారికే మెసేజ్ పంపుదాం, అది నువ్వే రాయి అన్నారు. రాస్తున్నాను. అందులో ఫీజు మాఫీ ఊసు ఉండదు.