ఆ స్కార్ఫ్ మాట

వీడియో ఆపి, మళ్లీ వెనక్కి జరిపి చూశాను. 2001 సెప్టెంబర్ 17. జంట టవర్లు కూలి వారం కూడా కాలేదు, జార్జ్ బుష్ వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటర్‌లో నిలబడి, తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఆడవాళ్లు ఈ దేశంలో ఇల్లు దాటి బయటికి రావడానికి భయపడకూడదు అంటున్నాడు.

అప్పట్లో నేను ఆ మాట పట్టించుకోనే లేదు. 2017లో ట్రంప్ కుర్చీ ఎక్కిన వారానికే, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఏడు దేశాలవాళ్లను రానివ్వొద్దని ఆర్డర్ ఇచ్చాడు కదా, అది చూశాక ఇవాళ ఇది వింటుంటే గొంతు పట్టేసింది.

అలాగని ఇరాక్‌ని ఎలా మర్చిపోతాం? లేని ఆయుధాల పేరు చెప్పి 2003లో బుష్ ఒక దేశాన్ని వల్లకాడు చేశాడు. అక్కడి అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. అదే ఏడాది ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగులకు మందులిచ్చే పెప్‌ఫార్ మొదలుపెట్టిందీ ఈయనే, దానివల్ల లక్షలమంది బతికారు. 2025లో ట్రంప్ విదేశీ సాయం ఆపేసేదాకా నేనూ దాని గురించి సరిగా ఆలోచించలేదు.

తర్వాత వచ్చినవాణ్ని చూసి ముందువాడికి మార్కులు కలపడం నాకిష్టం లేదు, ఇరాక్ కోపం నాలో అలాగే ఉంది. కానీ ఆ వీడియో మూడోసారి కూడా చూశాను.