పెట్టింది తినండి, ఆ ఇంట్లోనే ఉండండి

మిషనరీలను పంపే ఆరాధన ఎక్కడ జరిగినా, వెళ్లి సమస్త జనులను శిష్యులనుగా చేయండనే మత్తయి 28:19 చదువుతారు. చదవాల్సిందే, కాదనను. కానీ లూకా 10వ అధ్యాయం ఎందుకు పక్కన పెడతారో నాకు ఇన్నేళ్లుగా అర్థం కావడం లేదు. ఒకవేళ చదివినా రెండో వచనం దగ్గరే ఆగిపోతారు. కోత విస్తారం, పనివారు కొద్దిమంది, ఆమెన్, వెంటనే కానుకల సంచి వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఇంకో ఐదారు వచనాలు కిందికి పోతే, ప్రభువు తాను ఊర్లకు పంపిన డెబ్బదిమంది శిష్యులకు పరాయి ఊర్లో మొదటి రోజుల్లో ఏం చేయాలో విడమరచి చెప్పాడు. ఎవరి ఇంట్లో దిగాలి, తలుపు దగ్గర మొదటి మాట ఏమనాలి, ఏం తినాలి, అన్నీ ఉన్నాయి. అది మాత్రం మనకు పట్టదు.

ఏడో వచనంలో వాళ్లిచ్చేది తిని తాగుతూ ఆ ఇంట్లోనే ఉండమన్నాడు. ఎనిమిదో వచనంలో మళ్లీ అదే మాట, మీ ముందు పెట్టింది తినండి అని. వెంట వెంటనే రెండు సార్లు చెప్పాడంటే ఊరికే కాదు కదా. రోగులను బాగుచేయడం తొమ్మిదో వచనంలో వస్తుంది, దేవుని రాజ్యం దగ్గరికి వచ్చిందని చెప్పడం దాని వెనక వస్తుంది. అంటే వాళ్లింట్లో తినడం ముందు, వైద్యం ఆ తర్వాత, మాట అన్నిటికంటే చివర. మనం దీన్ని పూర్తిగా తిరగేశాం. ఊర్లోకి పోతూనే మైకు కడతాం, సాయంత్రం మెడికల్ క్యాంపు పెడతాం, భోజనం సంగతికొస్తే మన పులిహోర పొట్లాలు మనమే కట్టించుకొని పోయి జీపులో కూర్చొని తినేసి వస్తాం. ఆ ఊరివాళ్ల చెంబుతో గుక్కెడు నీళ్లు కూడా తాగం. ఇంక "ఇంటింటికి తిరగవద్దు" అనే మాట చదివితే మన ఇంటింటి సువార్త బృందాలవాళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉంటుందనుకోండి, దాని భావం వేరేలే. ఈ ఇంట్లో గంజి పోశారని, పక్కింట్లో కోడికూర వాసన వస్తా ఉందని మూట సర్దుకొని అటు పోవద్దని.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా చెల్లెలి కూతురు ఈ అక్టోబరులో ఆఫ్రికాలోని మలావీ దేశానికి పోయింది. నర్సు. జమ్మలమడుగు పక్క పల్లెలో పుట్టి పెరిగిన పిల్ల. బ్లాంటైర్ నగరానికి అవతల పల్లెల్లో ఒక మిషన్ ఆసుపత్రి పిలిచింది. పంపేటప్పుడు మనవాళ్లు ఏమీ తక్కువ చేయలేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ, మెడ కనపడకుండా శాలువాలు, తల మీద చేతులుంచి ప్రార్థన, ఆ తర్వాత బిర్యానీ. వాళ్లమ్మ గోంగూర పచ్చడి, శనక్కాయల పొడి, చింతపండు, చిన్న రైస్ కుక్కర్ కూడా సర్దింది. ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైందని సగం తీసేశారట. సంచి, జాలె, చెప్పులు ఏవీ వద్దన్న నాలుగో వచనం గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, చెల్లెలికి కోపమొచ్చింది.

పోయిన వెంటనే తెలిసిందేమంటే, అక్కడి నర్సింగ్ కౌన్సిల్ కాగితాలు వచ్చేదాకా ఆమె ఒక్క రోగిని కూడా ముట్టుకోకూడదు. క్వార్టర్సు కూడా ఖాళీ కాలేదు. అందుకని ఆసుపత్రి వంటశాలలో పనిచేసే ఒక పెద్దామె ఇంట్లో ఉంచారు. అక్కడ అవ్వను, తాతను అగోగో అంటారు. ఆ అగోగో ఇల్లే ఇప్పుడు మా పాపకు ఊరు, బడి, గుడి అన్నీ. అక్టోబరు అక్కడ ఎండాకాలం చివర, కానీ కడప జిల్లా పిల్లకు ఎండ ఒక లెక్కా! కష్టమంతా తినే దగ్గరే మొదలైంది.

మొదటి పూట అన్నానికి కూర్చుంటే ఆ ఇంటి కోడలు ప్లాస్టిక్ బేసిను, చెంబు తీసుకొని వచ్చి మా పాప ముందు మోకాళ్లూనింది, చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోయాలని. అక్కడి పల్లెల్లో అది మర్యాద. మా పాపకు ప్రాణం ఉసూరుమంది. తనకంటే పెద్దది, పొద్దుటి నుంచి పొలంలో చేసి వచ్చింది, తన ముందు మోకరించడమా అని, భాష రాక, ఆమె రెండు రెక్కలూ పట్టి పైకి లేపేసింది. చెంబు ఒలికింది. ఎవ్వరూ మాట్లాడలేదు. మర్నాడు ఆసుపత్రి గుమాస్తా మెల్లగా చెప్పాడట: "నువ్వు మంచి మనసుతోనే చేశావు, కానీ వాళ్లు నీకు ఇవ్వబోయినదాన్ని నువ్వు తోసేశావు." ఆ రాత్రి మళ్లీ బేసిను వచ్చింది. ఈసారి చేతులు చాపి కూర్చుందట. కళ్లలో నీళ్లు ఆగలేదంది.

వాళ్ల ప్రధాన భోజనం న్సీమా. మొక్కజొన్న పిండితో చేసే సంగటే అది, తెల్లగా ఉంటుంది, తెడ్డు తడిపి ముద్దలుగా తీసి పళ్లెంలో పేరుస్తారు. సంగటి తిన్న పిల్ల కదా, ఇదేముందిలే అనుకుంది. కానీ మన సంగటికి కారంగా పులుసో ఊరిబిండో లేకపోతే ముద్ద దిగుతుందా? అక్కడ గుమ్మడాకు కూర, ఉప్పు, టమేటా, అంతే. ఇంకోపూట ఉసిపా అని సరస్సులో పట్టిన సన్న చేపలు ఎండబెట్టినవి, తలకాయలతో సహా. మొదట్లో వాసనకే కడుపులో తిప్పిందట. గదిలో పెట్టెలో పచ్చడి సీసా ఉంది. తెచ్చుకొని కలుపుకుంటే అయిపోతుంది. కానీ తేలేదు. ఎందుకు తేలేదే అని అడిగితే, "అగోగో నా నోరే చూస్తా ఉంటుంది పెద్దమ్మా, నేను ముద్ద మింగినాకే ఆమె తినడం మొదలుపెడుతుంది" అంది. ఏ బైబిల్ కాలేజీలో నేర్పుతారు ఈ పాఠం!

తర్వాత ఒకరోజు తోటకూరలోకి శనక్కాయల పొడి దంచాలని రోలు దగ్గరికి పిలిచారు. అవును, అక్కడ కూడా శనక్కాయే, ఆకుకూరల్లో దంచి వేస్తారు. అనంతపురం, కడప పిల్లకు శనక్కాయ దంచడం చెప్పాలా? అయినా వాళ్ల రోకలి మనిషంత ఎత్తు, నిలబడి దంచాలి, ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో మార్చి మార్చి వేస్తారు. ఈమె పోటు తప్పింది, చుట్టుపక్కల ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వుతోనే ఆమె వాళ్ల మనిషైంది. అంతవరకు బజారులో అందరూ ఈమెను ఏదో అంగడి ఓనరు కూతురనుకున్నారు, అక్కడ మనదేశం వాళ్లంటే వ్యాపారస్తులనే లెక్క. రోకలి పట్టిన తర్వాత పిల్లలు వచ్చి మాటలు నేర్పడం మొదలుపెట్టారు. ములి బ్వాంజి, బాగున్నారా. జికోమో, వందనాలు. పొద్దున్నే ఎదురుపడ్డ ప్రతి మనిషినీ బాగోగులు అడగకుండా దాటిపోతే అక్కడ తప్పు.

ఈలోగా ఇక్కడి నుంచి మెసేజీలు. "పని ఎలా జరుగుతోందమ్మా? రిపోర్టు పంపు. ఫోటోలు పంపు. ఎన్ని ఆత్మలు?" పోయి ఎన్నాళ్లైందని! ఆ పిల్ల టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఇంతవరకు ఒక్క సాక్ష్యం కూడా చెప్పలేదు నేను. తింటున్నా, కూర్చుంటున్నా, నవ్వుతున్నా. మీ డబ్బులతో వచ్చి ఇదా చేసేది అనిపిస్తా ఉంది." నేను ఒకటే చెప్పాను: అమ్మీ, గమ్మునుండి అపొస్తలుల కార్యములు 28 చదువు.

మీరూ ఒకసారి తీయండి. ఓడ పగిలి పౌలు మెలితే ద్వీపంలో పడ్డాడు. వాన, చలి. ఆ ద్వీపంవాళ్లు నిప్పు రాజేసి అందరినీ దగ్గరికి తీసుకున్నారు. పౌలు ఏం చేశాడు? పుల్లలు ఏరాడు. అంత గొప్ప అపొస్తలుడు, పరాయి దేశంలో మొదటి పని, వాళ్ల మంటలోకి పుల్లలు ఏరి వేయడం! పాము పట్టింది, దులిపేశాడు. పొప్లి మూడు రోజులు ఇంట్లో పెట్టుకొని ఆదరించాడు. అతని తండ్రి జ్వరంతో ఉంటే పౌలు ప్రార్థన చేసి స్వస్థపరచాడు. మూడు నెలలున్నాడు అక్కడ. ఆ మూడు నెలల్లో పౌలు చేసిన ప్రసంగం ఒక్కటి చూపించండి నాకు. పౌలు వెంటే ఉండి ఇదంతా రాసిన లూకా ఒక్క ముక్క రాయలేదు. స్వస్థతలు రాశాడు, కానీ వాటికంటే ముందు రాసింది వాళ్లు మాకు చేసిన ఉపచారం ఇంతంత కాదనే. అంటే రిపోర్టు పంపిన లూకా కూడా తాము ఏం ఇచ్చామో దానికంటే ముందు, తమకు ఏం పెట్టారో రాశాడు.

ఏలీయాను చూడండి. కరువులో దేవుడు అతన్ని ఇశ్రాయేలులో ఏ ధనవంతుడి ఇంటికీ పంపలేదు. సీదోను దేశం, సారెపతు, అన్యురాలైన విధవరాలు, తొట్టిలో చారెడు పిండి. పోయి ఆమెను అడుక్కోమన్నాడు. ముందు నీళ్లు, తర్వాత రొట్టెముక్క. పిండి తరగకపోవడం అద్భుతమే, కానీ నాకు అంతకంటే పెద్ద అద్భుతం, ఆ ప్రవక్త చేయి చాపడం. ఇచ్చే చేయి పైన ఉంటుంది కాబట్టి మనకు ఇవ్వడం సుఖం. పుచ్చుకోవాలంటేనే లోపల ఏదో విరగాలి.

ఇంక పేతురు. కైసరయలో యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటికి పోయాడు, వాక్యం చెప్పాడు, పరిశుద్ధాత్మ దిగింది, బాప్తిస్మాలయ్యాయి, కొన్ని రోజులు అక్కడే ఉండమని వాళ్లు బతిమాలారు. యెరూషలేముకు తిరిగి రాగానే మనవాళ్లు పట్టుకున్నది దేన్ని? బాప్తిస్మం ఎందుకిచ్చావని కాదు. వాళ్ల దగ్గరికి పోయి వాళ్లతో కలిసి తిన్నావేమని! అపొస్తలుల కార్యములు 11:3 చూడండి. మన రాయలసీమవాళ్లకు ఇది వేరే వివరించాలా? ఎవరింట్లో తిన్నాడు, ఎవరి గ్లాసులో తాగాడు అనే దాని మీదే ఊరు మనిషిని తూకం వేసిన నేల ఇది. ఇక్కడ మొదట సువార్త విన్నవాళ్లు ఎక్కువగా ఊరిబయట గేరిల్లో ఉన్న మాల, మాదిగ కుటుంబాలు. వాళ్లింట్లో కూర్చొని తిన్న మనిషినే వాళ్లు నమ్మారు. ప్రసంగం తర్వాత విన్నారు.

లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అదే లండన్ మిషన్ తరువాత లివింగ్‌స్టన్‌ను ఆఫ్రికాకు పంపింది. మా పాప ఉన్న బ్లాంటైర్‌కు ఆ పేరు వచ్చింది కూడా అతను పుట్టిన స్కాట్లండ్ ఊరి పేరు మీదనే. అతను మలావీ ప్రాంతానికి పోయేటప్పటికి ఆ మిషన్‌ను వదిలేశాడు గానీ, ఆ దేశానికీ మనకూ దూరపు చుట్టరికం ఉన్నట్టే. ఇక్కడికి వచ్చిన మిషనరీల పేర్లు మనం శతాబ్ది సంచికల్లో వేసుకుంటాం, గోడల మీద పలకలు పెడతాం. బాగానే ఉంది. కానీ ఆ దొరలకు ఇక్కడ మొదటి వారాల్లో నీళ్లు తోడిచ్చినదెవరు, జొన్నరొట్టె పెట్టినదెవరు, నోరు తిరగని తెలుగును సరిచేసినదెవరు? వాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ దొర మిషనరీ కాదు గానీ, కలకత్తాలో పాదిరిగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కొడుకే. 1820లో కడపకు వచ్చేటప్పటికి ఆయనకు వచ్చిన తెలుగు అంతంతమాత్రమే. ఆయన ముందు కూర్చొని ఓపికగా చదివించిన పండితుల పుణ్యాన మనకు ఇవాళ ఆ నిఘంటువు ఉంది.

కాబట్టి కమిటీ పెద్దలకు చేతులెత్తి మొక్కి చెబుతున్నా, మనం పంపిన పిల్లల్ని మొదటి కొన్ని నెలలు రిపోర్టులు అడగొద్దు. పచ్చడి సీసాలు పంపితే పంపండి, అగోగోకు కూడా రుచి చూపిస్తుంది, అక్కడ కూడా నాలి అని మహా కారం సాసు ఉందిలెండి, కారం తెలియని దేశమేం కాదు. కానీ "అక్కడి తిండి ఎలా తింటున్నావు తల్లీ" అని ఫోన్లో ఏడ్చి ఆ పిల్ల మనసు విరవకండి. వాళ్ల తిండిని చూసి అయ్యో అనేవాళ్లను వాళ్లు వినరు.

ఇంకోటి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచి, బీహారు నుంచి, జార్ఖండ్ నుంచి పిల్లలు వస్తారు. అందులో విశ్వాసులూ ఉన్నారు. ఆదివారం వచ్చి వెనక బల్లలో కూర్చొని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆఖరి దీవెన దాకా ఉండి పోతారు. వాళ్లకు షేక్‌హ్యాండ్ ఇస్తాం. అన్నానికి పిలిచామా ఎప్పుడైనా? పిలవడమే కాదు, లైన్ ఇళ్లల్లో వాళ్లుండే గదికి పోయి వాళ్లు వండింది మనం తిన్నామా? మలావీ దాకా పోలేనివాళ్లకు ఎర్రగుంట్లకు బస్సుంది. పోండి. పాంప్లెట్లు తీసుకుపోవద్దు. వట్టి చేతులతో పోయి, చాప వేస్తే కూర్చొని, పెట్టింది తిని రండి. ఈ ఇంటికి సమాధానం కలుగును గాక అని తలుపు దగ్గర ఒక మాట అనండి, మొదటిసారికి అది చాలు.

ఈ వారం విజ్ఞాపన ప్రార్థనల్లో మా పాప పేరు చదివేవాళ్లకు ఒక మనవి. కాగితాలు త్వరగా రావాలని, మలేరియా సోకకూడదని తప్పకుండా అడగండి, అక్కడ వానలు మొదలవుతున్నాయి, దోమలు ఎక్కువ. అయితే ముందుగా ఆ అగోగో కోసం చేయండి. ఆమెకు మోకాళ్ల నొప్పులట, అయినా తెల్లవారక ముందే లేచి ఆసుపత్రి పొయ్యి రాజేస్తుంది. మొక్కజొన్న పాత పంట అడుగంటే నెలలివి, కొత్త పంట మార్చి దాటితే గానీ చేతికి రాదు. ఉన్న పిండిలోనే మన పిల్లకూ ఒక ముద్ద తీస్తోంది. ఆమె పేరు మనకు నోరు తిరగకపోతే "ఆ ఇంటి తల్లి" అనండి, దేవుడికి తెలుస్తుంది.